మెత్తటి గుండీలు

షాబాన్ నెల వచ్చిందంటే మా సెఫ్రూ ఊళ్ళో చీపురుకు క్షణం తీరిక ఉండదు. రంజాన్ లోపల దుప్పట్లు ఉతకాలి, గోడలకు సున్నం వెయ్యాలి, మూలమూలా దులపాలి. నా ఇల్లు నాలుగు రోజుల్లో తేల్చేశాను. చేతులు ఊరుకోక పక్కింటి లల్లా యమ్నా మేడ గది మీద పడ్డాను. ఆ గది తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మంట. తలుపు తెరవగానే దారపు లడీలు కాళ్ళకు చుట్టుకునేవి.

పెద్దావిడ కాబట్టి మర్యాదగా లల్లా అంటాం; యమ్నాకు డెబ్బై ఆరేళ్ళు. జెల్లాబాలు, కఫ్తాన్లనే పొడుగు అంగీలకు మెడ నుంచి పాదం దాకా వరసగా కుట్టే దారపు గుండీలు చెయ్యడం ఆమె పని. పదిహేనో ఏట కాపురానికొచ్చింది మొదలు ఆ సూది కింద పెట్టలేదు. భర్త పోయినా, కూతురు హద్దా మెక్నెస్‌కు కాపురానికి వెళ్ళినా గుండీలు చేస్తూనే ఉంది. ఇప్పుడు కళ్ళు ఆనక మానేసింది గానీ, గదిలోంచి ఒక్క పోగు బయటికి పోనివ్వదు.

"లల్లా, మూడు కుప్పలు పెడదాం," అన్నాను కొంగు నడుముకు బిగించి. "ఉంచేది, ఇచ్చేది, పారేసేది. నాలుగో కుప్ప లేదు."

"నన్ను ఏ కుప్పలో వేస్తావే మిలూదా?"

"మాట్లాడితే మూడోదాన్లో వేస్తాను. అటు కూర్చో."

అబ్బబ్బ, ఏం చెత్త! బిస్కట్ డబ్బాల నిండా తుప్పు సూదులు. సార్డిన్ డబ్బాల్లో మైనం ముక్కలు. ఉన్ని ఏకే దువ్వెనలు మూడు జతలు, రెండింటికి పళ్ళే లేవు. సగం అల్లి వదిలేసిన పట్టీలు. చిమ్మెటలు కొట్టేసిన ఉన్ని బస్తా ఒకటి, దులిపితే ఇద్దరికీ తుమ్ములే తుమ్ములు. రంగురంగుల పట్టుదారం మాత్రం చూడముచ్చటగా ఉంది. ఎరుపులన్నీ ఒక బుట్టలో, నీలాలన్నీ ఒక బుట్టలో సర్దాను. కుప్పగా మడతపెట్టిన సిమెంటు సంచులు కనిపిస్తే మూడో కుప్పలోకి విసిరాను.

"అయ్యో, అవి గుండీ లోపలికి!" అంది.

నాకు తెలీదా ఏమిటి? సిమెంటు సంచి కాగితాన్ని సన్నగా చీల్చి, బిగించి చుట్టి, దాని మీద దారాన్ని సూదితో అల్లుతారు. గుండీ రాయిలా గట్టిగా ఉండాలి. వేళ్ళ మధ్య నొక్కితే లొంగిందంటే వ్యాపారి మన మొహం మీదే విసిరికొడతాడు.

"ఇక గుండీలు చేస్తావా? చెయ్యవు కదా. మరి ఎందుకు?"

ఆ ఊపులో కిటికీ పక్క మేకుకు వేలాడుతున్న గుండీల దండ తీశాను. ముప్పై దాకా ఉన్నాయి. కుంకుమపువ్వు రంగు, వెలిసిపోయింది. నొక్కి చూశాను, మెత్తగా లొంగిపోయాయి. "ఛీ, ఇవెవరు కుట్టుకుంటారు?" అని మూడో కుప్పలో పడేశాను.

అంతే. మోకాళ్ళ నొప్పులని మెట్లు ఎక్కడానికి నా భుజం పట్టుకునే మనిషి, ఒక్క ఉదుటున లేచి ఆ దండను గుండెకు అదుముకుంది.

"దీని జోలికి రాకు!" అని అరిచింది. నా మీద ఆమె ఎన్నడూ అరవలేదు. నాకూ కోపం వచ్చింది. చీపురు అక్కడే పారేసి, "నీ గది నువ్వే ఊడ్చుకో," అని గడప దాకా వెళ్ళాను. వెనక్కి తిరిగితే ఏడుస్తోంది. ఇంకెక్కడికి పోతాను? వచ్చి పక్కన కూలబడ్డాను. అప్పుడు చెప్పింది.

గుండీ చెయ్యడం ఆమెకు నేర్పింది ఫ్రేహా. మల్లాహ్‌లో, అంటే యూదుల వీధిలో, నది వైపు ఇంటి పిల్ల. ఇద్దరూ ఒకే ఈడువాళ్ళు. ఫ్రేహా వాళ్ళు ఊరు విడిచి, దేశం విడిచి పోతున్నామన్న మాట వెళ్ళే ముందు రోజు సాయంత్రం దాకా బయటపెట్టలేదు. ఆ రోజుల్లో యూదులందరూ అలాగే వెళ్ళారు, చెప్పాపెట్టకుండా. తెల్లారి బస్సు దగ్గరికి రమ్మంది. యమ్నా అప్పుడు ఎనిమిదో నెల గర్భిణి. అత్తగారు గడపకు అడ్డంగా నిలబడి, "వాళ్ళ కోసం వీధిలో ఏడిస్తే జనం ఏమనుకుంటారు?" అంది. బస్సు హారన్ మూడుసార్లు వినబడింది. యమ్నా వెళ్ళలేదు.

"వెళ్ళాల్సింది మిలూదా. తోసుకునైనా వెళ్ళాల్సింది. భయపడ్డాను."

హద్దా పుట్టిన పన్నెండో రోజున ఉత్తరం వచ్చింది. ఫ్రేహా దగ్గర్నుంచే అని తెచ్చినవాడు చెప్పాడు. యమ్నాకు చదువు రాదు. లేచి తిరగగలిగాక ఎవరిచేతనైనా చదివించుకుందామని దారాల బుట్టలో పెట్టింది. అంతలో పెళ్ళి కఫ్తాన్‌కు గుండీలు కావాలని తొందరపెట్టారు. బాలింతకు సాయం చేద్దామని అత్తగారే కాగితం చీల్చి, చుట్టి ఇచ్చింది. ఆమెకూ చదువు రాదు. ఆమెకు కాగితమంటే కాగితమే. యమ్నా మంచంలో కూర్చుని, బిడ్డకు పాలిస్తూ, ఒక్కొక్కటే అల్లింది.

వ్యాపారి మొదటి గుప్పెడు చూడకుండానే తీసుకున్నాడు. మిగతావి నొక్కి చూసి, "ఇందులో ఏం పెట్టావమ్మా, రొట్టా?" అని ఒకదాన్ని కోసి చూపించాడు. లోపల పల్చటి కాగితం. దాని మీద నీలం సిరా.

"నా చేత్తో నేనే కుట్టాను," అంది లల్లా యమ్నా. "నా ఫ్రేహా మాటను నేనే కుట్టి మూసేశాను."

"మరి విప్పి చదివించుకోలేదేం ఇన్నాళ్ళూ?"

"తిట్టి ఉంటుంది. బస్సు దగ్గరికి రాలేదని శపించి ఉంటుంది. అది ఇంకొకరి నోట వినమంటావా?"

"ఇప్పుడు నీకే చదువొచ్చుగా!" అన్నాను. నిజమే, రెండేళ్ళుగా మసీదులో ఆడవాళ్ళ తరగతికి పోతోంది. బజార్లో ప్రతి బోర్డూ పైకి చదివి నన్ను చంపుతోంది. ఎందుకు మొదలుపెట్టిందో నాకు అప్పుడు అర్థమైంది. నేర్చుకుంది గానీ కత్తెర పట్టే ధైర్యం రాలేదు పాపం.

"నేను కోస్తాను, నువ్వు చదువు," అన్నాను. చాలాసేపు దండను వేళ్ళతో తడుముతూ కూర్చుంది. తర్వాత నా ఒళ్ళో పెట్టింది.

ముప్పై ఒకటి. ఒక్కొక్కదాని అల్లిక కోసి, చుట్ట విప్పి, రొట్టెల పళ్ళెంలో పరిచాను. చిటికెన వేలంత పీలికలు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని ఒకటి తీసింది. పెదాలు కదిలాయి. తిప్పి చూసింది. ఇంకొకటి తీసింది. మొహం పాలిపోయింది.

"మర్చిపోయానే మిలూదా! ఒక్కటీ రావడంలేదు. మొదటి అక్షరం అలిఫ్ కూడా కనబడటంలేదు."

లాక్కుని చూశాను. మర్చిపోలేదు. అవి మన అక్షరాలే కావు. యూదుల అక్షరాలు, మల్లాహ్ పాత కొట్ల మీద ఉండేవి. ఫ్రేహాకూ చదువు రాదట, వాళ్ళ నాన్న రాసిపెట్టి ఉంటాడు. రెండేళ్ళు పలక పట్టి అక్షరాలు దిద్దిన ముసలిది, ఆ పళ్ళెం ముందు చేతులు ముడుచుకుని కూర్చుంది. నాకు దుఃఖం ఆగలేదు.

అయినా ఊరుకుంటానా! ఫెస్‌లో మా అన్న బూశ్తా నడిపే బట్టల కొట్టు పక్కనే మఖ్లూఫ్ అనే పెద్దాయన నూలు కొట్టు ఉంది. ఆయనా యూదుడే. పీలికలన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసి అన్నకు పంపాను. మర్నాడు సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక మఖ్లూఫే ఫోన్ చేశాడు. ఇద్దరికీ వినబడేలా ఫోన్ పళ్ళెం పక్కన పెట్టాను.

"అక్షరాలు మావి గానీ మాటలు మనవే లల్లా," అన్నాడు. "మన అరబ్బీయే. మీ సెఫ్రూ యాస. ముందు వెనకలు తెలియడం లేదు, చాలా ముక్కలు లేవు. ఉన్నవి ఉన్నట్టు చదువుతాను."

"చదువు," అంది. నా చెయ్యి పట్టుకుంది, ఎముకలు విరిగేలా.

"'ఇక్కడ డేరాల్లో ఉంచారు. చలి.' ఇంకోటి, 'పట్టుదారం దొరకదు, నువ్వుంటే.' తర్వాత, 'బిడ్డ పుట్టిందా? ఆడా మగా?' ఇంకోటి, 'నీకు ముందే చెప్పాల్సింది, నాన్న ఒట్టు వేయించుకున్నాడు.' తర్వాత..." ఆగాడు. "'బస్సు దిగి రెండుసార్లు వీధి మొగదాకా వచ్చి చూశాను. నువ్వు రాలేదు. నా మీద అంత కోపమా?'"

లల్లా యమ్నా కళ్ళు మూసుకుంది.

"ఇంకొక్కటే ఉంది. 'యమ్నా, ఎవరిచేతైనా ఒక్క మాట రాయించు. కోపం లేదని. దాని కోసం చూస్తూ ఉంటాను.'"

శాపం ఉంటుందని అరవై ఏళ్ళు భయపడిన మనిషిని, అవతల ఒకతి క్షమించమని అడిగి జవాబు కోసం చూస్తూ కూర్చుంది.

"చిరునామా ఉందా నాయనా?" అని నేనే అడిగాను.

"లేదమ్మా. ఉంటే మొదటి ముక్కల్లో ఉండాలి."

మొదటి గుప్పెడు ఏ పెళ్ళికూతురి కఫ్తాన్ మీదో పోయింది. లల్లా యమ్నా ఫోన్‌ను రెండు చేతులతో ఎత్తి నోటి దగ్గర పెట్టుకుంది.

"నాకు కోపం లేదని చెప్పు," అంది.

"ఎవరికి చెప్పను లల్లా?"

"నాకేం తెలుసు? ఆమె మాట చదివినవాడివి నువ్వే కదా. కోపం లేదని చెప్పు. ఆడపిల్ల పుట్టిందని చెప్పు."

"చెబుతాను," అన్నాడాయన.