రెండో చెయ్యి లేస్తే

మా మామగారికి కోతమిల్లులో అందరూ కలిసి పెట్టిన పేరు రంపం. రంపం ముందు నిలబడి పనిచేసేవాడు కాబట్టి ఆ పేరు వచ్చిందంటాడు మా ఆయన. కాదు, ఆ నోటిని చూసి పెట్టారు. ఎదురుగా ఉన్నది దుంగా మనిషా అని చూసేవాడు కాదు, కోసుకుంటూ పోవడమే. పోయినవాళ్ళ గురించి చెడ్డగా మాట్లాడకూడదని మా ఆడపడుచు మూతి ముడుస్తుంది. ఆవిడ ఆయనకి వండిపెట్టలేదు, నేను పెట్టాను. కాబట్టి నేను మాట్లాడతాను.

నేను ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికే అత్తగారు లేరు. మధ్యాహ్నం మిల్లుకి క్యారియర్ పట్టుకెళ్ళే పని నా నెత్తిన పడింది. మా ఆయన అటు తొంగి కూడా చూసేవాడు కాదు. చిన్నప్పుడు ఒకసారి వెళ్తే, "రంపం దగ్గరికి వస్తావురా?" అని తండ్రి చెంప పగలగొట్టాడట. ఆ చెంపదెబ్బ పుణ్యమా అని ఆఫీసు గుమాస్తా అయ్యాడు. ఆడపడుచుకి దుమ్ము పడదు. నాకు మాత్రం పడుతుందని ఎవరు చెప్పారో తెలీదు.

రేకుల షెడ్డు. లోపల అడుగు పెడితే చెవులు గింగురుమనేవి. పొట్టు గాల్లో తేలుతూ కనురెప్పల మీద, జుట్టులో, చెమట పట్టిన మెడ మీద అంటుకునేది. ముసలాయన నా చేతిలోంచి క్యారియర్ లాక్కుని, బరువు చూస్తున్నట్టు పైకీ కిందికీ ఆడించి, పదిమంది ముందూ అడిగేవాడు.

"ఇవాళ ఏం తగలేశావమ్మాయ్?"

అందరూ నవ్వేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది. అయినా గిన్నెలు తిరిగి తేవాలి కాబట్టి తినేదాకా ఆ పొట్టులోనే ఒక దుంగ మీద కూర్చునేదాన్ని. మిగతావాళ్ళు వంతులవారీగా తినేవాళ్ళు, రంపం తిరుగుతూనే ఉండేది. నేను దాన్నే చూస్తూ కూర్చునేదాన్ని. చూడ్డానికి అక్కడ ఇంకేముంది కనక!

ఆ చప్పుడులో దుంగ ఈ కొసన అరిస్తే ఆ కొసకి వినబడదు. అందుకని వాళ్ళ మాటలన్నీ చేతులతోనే. దుంగకి ఇవతలి కొసలో ఒకడు తోస్తాడు, అవతలి కొసలో ఇంకొకడు అందుకుంటాడు, దూరంగా గోడ దగ్గర స్విచ్చి మనిషి. అరచెయ్యి కిందికి తిప్పి గాల్లో నొక్కితే, ఒత్తి పట్టు, వదలొద్దు, కోత సాగనీ అని. చెయ్యి నిటారుగా పైకెత్తితే, ఆపెయ్ అని. కానీ ఒక్క చెయ్యి లేస్తే స్విచ్చి మనిషి కదలడు. ఒకడు నుదురు తుడుచుకోడానికి ఎత్తాడేమో, ఎవరికి తెలుసు? దుంగ మధ్యలో రంపం ఆగిపోతే పళ్ళు ఇరుక్కుంటాయి. అవతలి కొసలో వాడు కూడా చెయ్యెత్తాలి. రెండూ లేచాకే ఆపుతాడు. అదీ మోచెయ్యి వంచకుండా ఎత్తాలి. ఎవడైనా బద్ధకంగా సగం ఎత్తాడా, అయిపోయాడే! తింటున్నవాడల్లా లేచి వెళ్ళి వాడి మోచెయ్యి కింద ఒక్కటిచ్చేవాడు మా మామగారు. "ఈ దుమ్ములో ఎవడికి కనబడుతుందిరా సగం చెయ్యి?"

ఆ దుమ్మే ఆయన్ని తిన్నది. పైగా సిగరెట్లు. దగ్గు మొదలైంది, తర్వాత ఆయాసం, తర్వాత వీధి చివరిదాకా నడవలేకపోవడం. మానెయ్యమని డాక్టర్లు చెప్పినవన్నీ చేశాడు. ఊపిరి తగ్గింది కానీ నోరు తగ్గలేదు. మాటకీ మాటకీ మధ్య రొప్పుతూ మరీ తిట్టేవాడు. చివరికి ఒక పొద్దున పెదాలు నీలంగా మారి కుర్చీలోంచి జారిపోతే, ఆస్పత్రికి తీసుకెళ్ళి గొంతులో గొట్టం వేసి ఊపిరి పోసే మిషన్‌కి తగిలించారు. ఇంట్లో నిశ్శబ్దం. అబద్ధమెందుకు, నాకు హాయిగా అనిపించింది.

రోజులు గడిచాయి. మిషన్ తియ్యబోయినప్పుడల్లా ఊపిరి నిలవడం లేదు. డాక్టరమ్మ మా ముగ్గుర్నీ మంచం పక్కకి పిలిచింది.

"ఊపిరితిత్తులు ఇంతలా పాడైనవాళ్ళు మిషన్ ఎక్కితే దిగడం కష్టమండి. దిగి ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళూ లేకపోలేదు. ఈయన ఎటో నేను చెప్పలేను. గొంతు దగ్గర చిన్న రంధ్రం చేసి గొట్టం అక్కడికి మార్చి ఇంకొన్నాళ్ళు చూడొచ్చు. లేదా ఇంతటితో ఆపి, బాధ తెలీకుండా చూసుకోవచ్చు. ఆయనేమనేవారో మీకే తెలియాలి."

మా ఆయన తండ్రి మీదికి వంగాడు. "నాన్నా, చాలా? ఆపేయమంటావా?"

ముసలాయన మందు మత్తులో ఉన్నాడు, కళ్ళు సగమే తెరిచాడు. గొట్టాలు పీకేస్తాడని మణికట్టు మంచానికి కట్టారు. ఆ కట్టులోంచే అరచెయ్యి కిందికి తిప్పి నొక్కాడు. మళ్ళీ నొక్కాడు.

"చాలంటున్నాడు నాన్న," అన్నాడు మా ఆయన. ఆడపడుచు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "ఇంక కష్టపెట్టొద్దన్నయ్యా, వదిలేద్దాం."

వాళ్ళిద్దరూ ఆ చెయ్యి ఎప్పుడూ చూసినవాళ్ళు కారు. నేను చూశాను.

"చాలనడం లేదు. అది మిల్లులో చెయ్యి. వదలొద్దంటున్నాడు, ఒత్తి పట్టమంటున్నాడు," అన్నాను.

ముగ్గురూ నా వంక చూశారు. మా ఆడపడుచుకైతే ఏడుపు ఠక్కున ఆగిపోయింది. రంపానికీ నాకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందని వీధి వీధంతా తెలుసు. ఆయన బతకాలని అబద్ధమాడాల్సిన ఖర్మ నాకేం పట్టింది? అందుకే నమ్మారు. డాక్టరమ్మ మందు తగ్గించి, మర్నాడు తేరుకున్నాక మళ్ళీ అడిగింది, ఆపమంటారా అని. ముసలాయన కళ్ళు పూర్తిగా తెరిచి, కొడుకుని కొరికేసేలా చూసి, తల అడ్డంగా తిప్పాడు.

బతికాడు. గొంతు దగ్గర రంధ్రం చేశారు, మెల్లగా మిషన్ దిగాడు, రంధ్రం పూడింది, ఇంటికొచ్చాడు. మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ ఒకటి, రాత్రిళ్ళు మాస్కు తగిలించి గాలి తోసే మిషన్ ఇంకొకటి. కరెంటు పోతే ఆయన ఊపిరి పోతుందని ఇన్వర్టరు. మాస్కు కడిగేది నేను, నీళ్ళు మార్చేది నేను, తిట్లు తినేది నేను. నీ దయవల్ల బతికాను తల్లీ అని ఒక్కసారి అని ఉంటే ఆయన ముల్లె ఏం పోయేది? పైగా చూడ్డానికి వచ్చిన ప్రతివాడికీ మిషన్ చూపించి చెప్పేవాడు.

"ఇది నా రెండో కోడలు. మొదటిదానికంటే ఇదే నయం. ఎదురు చెప్పదు."

"అయితే దాన్నే వండిపెట్టమనండి," అనేదాన్ని నేను వంటింట్లోంచి.

అలా ఏళ్ళు లాగించాడు. ఈ శీతాకాలం దాటడని డాక్టర్లు అనుకోవడం, ఆయన దాటి వాళ్ళనీ నన్నూ సతాయించడం. ఒకరోజు నేను మాస్కు పట్టీ బిగిస్తుంటే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. మూడు మాటలకోసారి ఊపిరి తీసుకుంటూ మాట్లాడాడు.

"ఈసారి గొట్టమేస్తే... నేను చాలంటే... నువ్వు చెప్పాలి."

"నాకేం పని? మీకు కొడుకు లేడా, కూతురు లేదా?"

"వాళ్ళకి నేనంటే ప్రేమ. అప్పుడు జాలిపడి... చంపబోయారు. ఈసారి భయపడి... ఉంచేస్తారు." కాసేపు రొప్పాడు. "నీకు నేను గిట్టను. ఉన్నదున్నట్టు చెప్తావ్."

"చెప్తే నన్ను బతకనిస్తారా మీ వాళ్ళు?"

"అది నీ ఏడుపు," అన్నాడు. మాస్కు తానే మొహం మీదికి లాక్కున్నాడు.

చూశారా, అదీ మనిషి! నిప్పుల కుంపటి నా ఒళ్ళో పెట్టి, తాను హాయిగా నిద్రపోయాడు.

ఛాతీలో ఇన్ఫెక్షన్ వచ్చి మళ్ళీ ఆస్పత్రిలో పడ్డాడు. గొట్టం వెయ్యనా అని డాక్టరమ్మ అడిగితే ఆయనే తలూపాడు. మిషన్ తోస్తూనే ఉంది, లోపలికి గాలి వెళ్ళడం లేదు. వేళ్ళు ఉబ్బాయి, మొహం గుర్తుపట్టలేకుండా అయింది. కానీ మత్తులో లేడు, అన్నీ తెలుస్తున్నాయి. మేం ముగ్గురం మంచం చుట్టూ ఉన్నాం. కొడుకూ కూతురూ తల దగ్గర చెరో పక్క, నేను కాళ్ళ దగ్గర. డాక్టరమ్మ మిషన్ పక్కన నిలబడి ఏదో సరిచేస్తోంది.

ముసలాయన కుడి చెయ్యి లేచింది. ఈసారి కట్టలేదు ఎవరూ. వణుక్కుంటూ లేచింది, మోచెయ్యి వంగకుండా, నిటారుగా.

"దాహమేమో," అన్నాడు మా ఆయన.

"నన్ను పిలుస్తున్నాడు," అని ఆడపడుచు ఆ చెయ్యి పట్టుకోబోయింది. ఆయన విదిలించుకుని మళ్ళీ ఎత్తాడు. కూతుర్ని చూడలేదు, కొడుకుని చూడలేదు. నన్ను చూస్తున్నాడు.

"ఆపమంటున్నాడు," అన్నాను.

ఆడపడుచు అగ్గి మీద గుగ్గిలమైపోయింది. "అప్పుడు పట్టమన్నాడన్నావ్, ఇప్పుడు ఆపమన్నాడంటావ్! చాకిరీ చేసి చేసి విసుగు పుట్టిందా వదినా? మా నాన్నని నీ చేత్తో చంపుతావా?"

మా ఆయన నేల చూపులు చూస్తున్నాడు. డాక్టరమ్మ ఏదో అనబోయి, ఆడపడుచు అరుపులకి ఆగిపోయింది.

చెయ్యి దిగలేదు. వణుకు భుజం దాకా వచ్చింది, చెమటలు పట్టాయి, అయినా దించడం లేదు. ఏం చూస్తున్నాడు నావైపు, చెప్పాను కదా అనుకున్నాను. అప్పుడు తెలిసింది. నేను దుంగకి అవతలి కొసలో ఉన్నాను. ఒక్క చెయ్యికి రంపం ఆగదు.

ఎత్తితే ఆ ఇంట్లో నేను బతికినన్నాళ్ళూ మామని చంపిన కోడల్ని. నా చావుకి వచ్చినవాళ్ళు కూడా అదే చెప్పుకుంటారు. ఎత్తకపోతే ఆయన అలా చెయ్యి ఎత్తి పట్టుకునే ఉంటాడు, పట్టుదలకి పుట్టినవాడు. నాకు ఆయన మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. చెయ్యెత్తాను.

ఆయన చెయ్యి దించాడు.

ఆడపడుచు నా మీదికి వచ్చింది, మా ఆయన అడ్డుపడ్డాడు. డాక్టరమ్మ ముసలాయన మొహానికి దగ్గరగా వంగి, మిషన్ తీసేస్తే ఎక్కువసేపు ఉండరని విడమరిచి చెప్పి, తీసేయమంటారా అని అడిగింది. తలూపాడు. కాసేపాగి మళ్ళీ అడిగింది. విసుగ్గా ఊపాడు. ఆ విసుగు చూశాక కూతురికీ అర్థమైంది. గోడకి ఆనుకుని కూలబడిపోయింది.

ఆయాసం తెలీకుండా మందిచ్చి, మధ్యాహ్నం గొట్టం తీశారు. గొంతులో కాస్త గాలి ఆడింది. పెదాలు కదిలేసరికి కొడుకూ కూతురూ రెండు చెవులూ అప్పగించి వంగారు, ఆఖరి మాట వాళ్ళకేనని. ఆయన వాళ్ళ మధ్యలోంచి నన్ను వెతికాడు. నేను ముందుకొచ్చాను. ఇప్పుడైనా ఒక్క మంచిమాట అంటాడని ఆశపడ్డాను, దాచుకోవడమెందుకు.

"సగమే... ఎత్తావ్," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఏడుపు ముంచుకొచ్చింది. అంతమంది ముందూ, మోచెయ్యి వంగకుండా, చెయ్యి నిటారుగా పైకెత్తి చూపించాను. అప్పటికే ఆయన కళ్ళు మూసుకున్నాడు.