మస్తానన్న పక్కన పెట్టిన క్యామ్

నిన్న పొద్దున అనంతపురం టవర్ క్లాక్ దగ్గర సిగ్నల్ పడితే ఆగాను. నా పక్కన ఒక ఎర్ర బండి వచ్చి నిలబడింది. దాని ఇంజన్ నిలకడగా కొట్టుకోవడం లేదు. నాలుగు దెబ్బలు సరిగ్గా కొట్టి, ఐదోదానికి తడబడి, ఆరిపోతుందేమో అనిపించి మళ్ళీ అందుకుంటోంది. వేగం కోసం లోపల పెద్ద క్యామ్ వేశారని తెలిసినవాళ్ళకు ఆ శబ్దమే చెబుతుంది. నడిపేవాడు మురిసిపోతూ యాక్సిలరేటర్ తిప్పుతున్నాడు. నేను మాత్రం ఆ ఇంజన్ వైపే చూస్తూ ఉండిపోయాను. పచ్చలైటు పడ్డా కదలకపోయేసరికి వెనకవాళ్ళు హారన్లు కొట్టి తిట్టారు. ఆ శబ్దం విన్నప్పుడల్లా నాకు మస్తానన్న గుర్తుకొస్తాడు. నిజానికి ఆయన చేతిలోంచి వచ్చిన ఏ ఇంజనూ అలా కొట్టుకునేది కాదు. అలా కొట్టుకున్నది నాది.

కళ్యాణదుర్గం రోడ్డులో మస్తానన్నకు బండ్లు బాగుచేసే ఒక రేకుల షెడ్డు ఉండేది. అప్పటికి నాకు ముప్పై ఏళ్ళు. కుందుర్పి వైపు పల్లెల్లో గొర్రెలకు టీకాలు వేసే ఉద్యోగం. వారమంతా బండి వెనక ఐసు డబ్బా కట్టుకుని ఊళ్ళు తిరిగేవాణ్ణి. ఆదివారం మాత్రం అనంతపురం వచ్చి, ఐదారుగురు మిత్రులతో బెంగళూరు హైవే మీద బండ్లు తోలేవాణ్ణి. ఎప్పుడూ నాదే చివరి బండి. వాళ్ళు ముందు టీ కొట్టు దగ్గర ఆగి, గ్లాసులు కడిగేశాక వస్తావేమప్పా అని నవ్వేవాళ్ళు. ఆ నవ్వు పడలేక మస్తానన్న దగ్గరికి పోయి, పెద్ద క్యామ్, పెద్ద పిస్టన్ వేయమన్నాను.

ఆయన పద్ధతి వేరు. ఇంజన్ విప్పే ముందు, బండి యజమాని వెనక కూర్చుని, అతను రోజూ పోయే దారంతా ఒకసారి పోయివచ్చేవాడు. షెడ్డు మూసుకుని మరీ పోయేవాడు. తోటి మెకానిక్కులు ఎగతాళి చేసినా పట్టించుకునేవాడు కాదు. అలాగే ఒక సోమవారం నా ఐసు డబ్బా ఒళ్ళో పెట్టుకుని నాతో కుందుర్పి వచ్చాడు. ఒక ఎండిన వంకలో, ఇసుకలో బండి మూలుగుతుంటే నా భుజం తట్టాడు.

"ఈడ నీకేం కావల్ల రామాంజీ? పరుగా, లాగుడా?"

"రెండూ కావల్లన్నా."

"రెండూ ఇచ్చే క్యామ్ ఇంగా ఎవురూ చెయ్యలేదప్పా," అని పెద్దగా నవ్వాడు. మనిషిని అడిగితే కోరిక చెబుతాడని, దారిని చూస్తే అవసరం తెలుస్తుందని ఆయన నమ్మకం. ఈ రోజుకూ నేను జబ్బుపడ్డ గొర్రెను ముట్టుకునే ముందు అది మేసే చోటుకు పోయి చూస్తాను. అది నాకు ఏ ట్రైనింగులోనూ నేర్పలేదు.

తర్వాతి ఆదివారం బల్ల మీద రెండు క్యాములు పెట్టాడు. ఇంజన్‌లో వాల్వులను తెరిచి మూసే కడ్డీ అది. దాని మీది గూను ఎంత ఎత్తుంటే వాల్వు అంత ఎక్కువ తెరుచుకుంటుంది. నేను పెద్ద గూనుదాన్ని చేతిలోకి తీసుకున్నాను. ఆయన మెల్లగా లాక్కుని పక్కన పెట్టాడు.

"ఇది వేగంలో ఎగురుతాది, నెమ్మదిలో సచ్చిపోతాది. నువ్వు దినమంతా నెమ్మదిలో పోయేటోడివి. ఇంగ ఆ ఎత్తు తల పిస్టన్ అంటావా, మన ఎండకు, పల్లెల్లో సీసాల్లో అమ్మే పెట్రోలుకు అది తట్టుకోదు. ఉబ్బి సిలిండర్లో ఇరుక్కుని పట్టేస్తాది."

చిన్న గూను క్యామ్, మామూలు తలున్న పిస్టన్ ఎంచాడు. వాల్వు పిస్టన్‌కు తగులుతుందేమో చూడటానికి పిస్టన్ నెత్తిన చపాతీ పిండి అద్ది, ఇంజన్ బిగించి చేత్తో తిప్పి, మళ్ళీ విప్పి పిండిలో పడిన అచ్చు చూసుకున్నాడు. షెడ్డు వెనకే వాళ్ళిల్లు. లోపల్నుంచి ఆయన భార్య షంషాద్ వదిన అరిచింది: "మళ్ళా పిండి ఎత్తకపోయినావా? ఆ ఇంజన్‌కే పెట్టు చపాతీలు, మాకొద్దులే!"

బండి ఇసుకలో ఎద్దులా లాగింది. హైవే మీద మాత్రం నేను చివరి నుంచి రెండోవాణ్ణయ్యాను, అంతే. నా బుద్ధి గడ్డి తిన్నది. మస్తానన్నకు చెప్పకుండా బెంగళూరు పోయి, ఆయన వద్దన్న క్యామ్, ఆయన వద్దన్న పిస్టన్ రెండూ వేయించుకున్నాను. కొత్త పిస్టన్ కుదురుకునేదాకా నెమ్మదిగా నడపమని అక్కడివాళ్ళు చెప్పారు. అదీ వినలేదు. మరుసటి ఆదివారం అందరినీ దాటేశాను. గుంతకల్లులో రైల్వే ఉద్యోగం చేసే ప్రసాద్, మా గుంపులో అందరికంటే మంచివాడు, నా వీపు చరిచి, "మస్తాను చెయ్యి పడితే ఇట్లుంటాది సూడు!" అన్నాడు. నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఆయన మాట కాదని బెంగళూరు పోయానని చెప్పుకోవడం నామోషీ అనిపించింది.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం హైవే మీద ఇంజన్ పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయింది. నేను పక్కకు జారి చెయ్యి గీసుకుపోవడంతో బయటపడ్డాను. నా వెనకే వస్తున్న ప్రసాద్ నా బండిని గుద్దుకుని తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు.

మిత్రులు నా బండిని ఆటోలో వేసి మస్తానన్న షెడ్డులో దించారు. మరునాడు నేను పోయేసరికి ఆయన ఇంజన్ విప్పేసి ఉన్నాడు. బల్ల మీద గీతలు పడ్డ పిస్టన్, దాని పక్కన ఆ పెద్ద గూను క్యామ్. ఆయన వాటిని గుడ్డతో తుడుస్తున్నాడు. అంతలో ప్రసాద్ అన్న, మా గుంపువాళ్ళు వచ్చిపడ్డారు.

"నువ్వు చేసిన ఇంజనే గదా ఇది? నా తమ్మునికి కాలు పోయింటే నువ్వు తెచ్చిస్తాంటివా?"

మస్తానన్న నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. మాట్లాడమని నాకు సందు ఇచ్చాడు. నేను చేతి కట్టు సర్దుకుంటూ నిలబడ్డాను. నిజం చెబితే ప్రసాద్ కాలు విరిగిన నింద నా ఒక్కడి మీద పడుతుందని భయం. పచ్చి పిరికితనం, దానికి ఇంకో పేరు లేదు.

"నేను విప్పిన ఇంజనేనప్పా," అన్నాడు ఆయన చివరికి. "ముందు మీ తమ్మునికి నయం కానీ."

ఆ మాట ఊరంతా పాకింది. ఇంజన్ పనులు రావడం ఆగిపోయింది. అంత పనిమంతుడు పంక్చర్లు వేసుకుంటూ, ఆయిలు మారుస్తూ కూర్చున్నాడు. నేను శింగనమల వైపు బదిలీ చేయించుకున్నాను. ప్రసాద్ కోలుకున్నాడు, కానీ ఇప్పటికీ కొద్దిగా కుంటుతాడు. అలా ఏడేళ్ళు గడిచాయి. పోయిన వేసవిలో మస్తానన్న గుండె ఆగి చనిపోయాడని తెలిసింది. నలభై రోజులు దాటాక ధైర్యం చేసి ఆ ఇంటికి పోయి, షంషాద్ వదిన ముందు అంతా చెప్పేశాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"నాకు తెలుసప్పా. ఆ పొద్దే చెప్పినాడు. నేను పోయి వాళ్ళకు చెప్తానంటే వద్దన్నాడు. 'రామాంజి మంచోడే, వాడే వచ్చి చెప్తాడు' అన్నాడు. షెడ్డు ముందర ఏ బండి శబ్దమైనా సాలు, తలెత్తి చూస్తాండె. నువ్వేనేమో అని."

అటునుంచి అటే గుంతకల్లు పోయి ప్రసాద్‌కు, వాళ్ళన్నకు చెప్పాను. ప్రసాద్ "ఇప్పుడు నాకు చెప్పి ఏం లాభంరా," అన్నాడు. మిగతా మిత్రులకూ ఒక్కొక్కరికి చెప్పాను. అయినా గుండె బరువు దిగలేదు. ఆ ఏడేళ్ళలో నేను కళ్యాణదుర్గం రోడ్డులో రెండే రెండుసార్లు పోయాను. రెండుసార్లూ ఆ షెడ్డు దగ్గరికి వచ్చేసరికి తల తిప్పుకుని, వేగం పెంచాను. ఆయన తలెత్తి చూసే ఉంటాడు.