నిమ్మకాయ దాకా విన్నాను

ప్రిన్సిపాల్‌గా నా మొదటి వారంలో నేను చేసిన ఘనకార్యం వింటే, మీ పిల్లల బడికి ప్రిన్సిపాల్ ఎవరో ఓసారి కనుక్కుని వస్తారు. కనుక్కోండి, తప్పులేదు. నేను మాత్రం ఒక టీచరు ఉద్యోగం నిలబెడదామని పోయి, నా ఉద్యోగానికే ఎసరు తెచ్చుకున్నాను. అదీ కుర్చీలో కూర్చుని, నోరు తెరిచి, గురక పెట్టి.

కోదాడలో ఒక ప్రైవేటు బడి అది. నేను సూర్యాపేట నుంచి రోజూ బస్సులో వచ్చేవాణ్ని. అంతకుముందే మిర్యాలగూడలో ప్రిన్సిపాళ్లకు శిక్షణ అయింది. క్లాసులో వెనక కూర్చుని పాఠం గమనించాలి, తర్వాత టీచరుతో మాట్లాడి ఎక్కడ మెరుగుపడాలో చెప్పాలి అని అక్కడ నేర్పారు. ఆ నాలుగు ముక్కలు నేర్చుకుని, తెలంగాణ చదువుల భారమంతా నా భుజాల మీదే ఉన్నట్టు కోదాడ బస్టాండులో దిగాను.

బడి యజమానిని మేం కరస్పాండెంట్ గారు అనేవాళ్లం. ఆయన ఒకరోజు పొద్దున్నే పిలిపించారు. తొమ్మిదో తరగతికి సైన్సు చెప్పే సునీత టీచరు కొత్తగా చేరింది, నడిగూడెం అమ్మాయి. ఆమె పాఠం పిల్లల తలకెక్కడం లేదని తల్లిదండ్రులు మొత్తుకుంటున్నారట. "మీరొకసారి క్లాసులో కూర్చుని చూడండి. ఉంచాలో పంపించాలో సాయంత్రానికి చెప్పండి," అన్నారు.

ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతేనని స్టాఫ్ రూములో ఎవరో చెప్పారు. ఎలాగైనా ఆ అమ్మాయికి సాయం చేయాలని గట్టిగా అనుకున్నాను. అనుకున్నాక అన్నం తిన్నాను. కొంప మునిగింది అక్కడే. మా ఆవిడ ఆ రోజు పప్పు, గోంగూర, గడ్డపెరుగు కట్టి పంపింది. ప్రిన్సిపాల్ హోదాకు తగ్గట్టు మెతుకు మిగల్చకుండా తిన్నాను.

భోజనం తర్వాతి పీరియడే సునీతది. చివరి బెంచీ పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. నన్ను చూసి ఆమె చాక్‌పీసు కింద పడేసింది. ఆమ్లాలు, క్షారాలు అని మొదలుపెట్టి, నిమ్మకాయ ఎందుకు పుల్లగా ఉంటుందని పిల్లల్ని అడిగింది. బాగుందే అనుకున్నాను. ముందువైపు ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి నా దాకా రావడం లేదు. ఆ తర్వాత ఏమైందో నన్నడక్కండి. నేను అక్కడ లేను.

గంట మోగితే మెలకువ వచ్చింది. పిల్లలంతా లేచి నిలబడి నన్నే చూస్తున్నారు. చాలా బాగుందని చెప్పి, గడ్డం తుడుచుకుంటూ బయటికి నడిచాను.

అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? ఆమెను నా గదికి పిలిచాను. ముందు మెచ్చుకోవాలని శిక్షణలో చెప్పారు కదా. క్లాసు గోడ మీద గుండె బొమ్మ చూసినట్టు గుర్తు. దాన్నే పట్టుకున్నాను. గుండెలో గదుల గురించి చక్కగా చెప్పావమ్మా అన్నాను. ఆమె అవును సార్ అంది. రక్తం పోయే దారి వివరించిన తీరు నచ్చిందన్నాను. మళ్లీ అవును సార్ అంది. నాకు హుషారొచ్చి ఆ రక్తాన్ని ఒళ్లంతా తిప్పడం మొదలుపెట్టాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నా మెప్పుకు కరిగిపోయిందనుకున్నాను. అంత తెలివి నాది.

"సార్," అంది చివరికి. "గుండె పాఠం నేను జెప్పలే. ఆ బొమ్మ పోయినేడు సంది గోడకే ఉంది. మీరు నిద్రవోయిన్రు సార్."

నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. సర్దుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు.

"పిల్లలు నవ్వబోతుంటే నేనే ఊకోమన్న. మీరు లేస్తరేమోనని పాఠం గూడ మెల్లగ జెప్పిన," అంది. జోలపాట కూడా ఆమెదేనన్నమాట. "ఇప్పుడు నన్ను తీసేస్తరా సార్?"

తప్పు నాది, భయం ఆమెది. నాకు నిజంగా సిగ్గేసింది. క్షమించమ్మా అన్నాను. ఆమె కళ్లు తుడుచుకుంది.

"సార్, ఎక్కడిదాక విన్నరు?"

"నిమ్మకాయ దాకా," అన్నాను.

"ఆ నిమ్మకాయకాడికెల్లే నేను బోర్డు దిక్కు తిరిగిన," అంది మెల్లగా. "ఇగ గంట గొట్టేదాక మల్ల పిల్లల దిక్కు తిరగలే. ఎనక బెంచోళ్లు గూడ రోజు గాడనే నిద్రవోతున్నరేమో సార్."

శిక్షణలో ఇచ్చిన కాగితాల్లో లేని సంగతి నా నిద్ర కనిపెట్టింది. ఆ మూల కూర్చుంటే ఆమె గొంతు వినపడదు, బోర్డు మీద ఎండ పడి అక్షరం కనపడదు, గాలి తగలదు. అక్కడ నేను పావు పీరియడ్ కూడా ఆగలేకపోయాను. ఆ పిల్లలు ఏడాదంతా అక్కడే ఉండాలి.

సాయంత్రం కరస్పాండెంట్ గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. "అయితే ఇప్పుడు ఆవిడ్ని పంపించాలా, మిమ్మల్ని పంపించాలా?" అన్నారు.

"ఒక్క నెల ఆగండి సార్. అప్పటికీ నేను నిద్రపోతుంటే ఇద్దర్నీ పంపించండి."

ఎందుకో ఆయనకు ఆ బేరం నచ్చింది.

మర్నాటి నుంచి అదే పెరుగన్నం, అదే కుర్చీ. వెనక ఫ్యాను పెట్టించాను, కిటికీకి పరదా కట్టించాను. మొదటిరోజు ఆ చల్లగాలికి ఇంకా ముందే నిద్రపోయాను, అది ఆమె తప్పు కాదు. క్లాసయ్యాక ఆమె రోజూ ఎక్కడిదాక విన్నరని అడిగేది, నేను నిజం చెప్పేవాణ్ని. ఎక్కడ నా కన్ను మూతపడిందో అక్కడ పాఠం మార్చేది. పసుపు రాసిన కాగితాన్ని పిల్లలచేత సబ్బునీళ్లలో ముంచి ఎర్రగా చేయించింది. బెంచీల మధ్య నడిచి, చివరి వరసలో నిలబడి ప్రశ్నలడిగింది. ఒకరోజు గంట మోగితే వెనక బెంచీవాళ్లు అప్పుడేనా అన్నారు. వాళ్లతోపాటు నేనూ అన్నాను.

నెల తిరిగాక కరస్పాండెంట్ గారు స్వయంగా వచ్చి నా కుర్చీలో కూర్చున్నారు. రెప్ప వేయలేదు. సునీత ఉద్యోగం నిలబడింది, దాని పక్కన నాదీ నిలబడింది. అప్పటిదాకా నన్ను చూస్తే తలుపు దగ్గరికి వేసే టీచర్లు మెత్తబడ్డారు. సోషల్ చెప్పే లింగయ్య సారైతే స్టాఫ్ రూములో అందరి ముందే అడిగాడు. "ప్రిన్సిపాల్ సాబ్, రేపు మా క్లాసుల గూడ జర వచ్చి పండుకోండ్రి."

ఇన్నేళ్ల తర్వాత ఈమధ్య మిర్యాలగూడలో మళ్లీ శిక్షణ పెట్టారు. ఈసారి చెప్పేవాణ్ని నేనే. టీచర్లకు ప్రిన్సిపాల్ ఎలా తోడ్పడాలన్నది నా అంశం. ఇప్పుడు హుజూర్‌నగర్‌లో తనూ ప్రిన్సిపాల్‌గా చేస్తున్న సునీత ముందు వరసలో కూర్చుంది. చెబుతూ చెబుతూ చూస్తే, చివరి వరసలో ఒకాయన తల వాల్చేశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. దగ్గరికి పోయి భుజం తట్టి, ఎక్కడిదాక విన్నరన్నా అని అనుభవశాలిలా అడిగాను.

"మీరు మైకు పట్టుకునేదాక విన్న సార్," అన్నాడాయన.

హాలంతా ఘొల్లుమంది. సునీత లేచి నిలబడింది. "సార్, మైకు పట్టుకున్నకాడికెల్లి మీరు స్క్రీన్ దిక్కే తిరిగి సదివిన్రు. ఒక నెల టైమిద్దమా?"

కాబట్టి గోంగూర సాక్షిగా, గడ్డపెరుగు సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. నిద్రలో విన్న పాఠాన్ని ఇక మెచ్చుకోను. గోడ మీది బొమ్మను నమ్మను. తెరవైపు తిరిగి మాట్లాడను. అన్నం తిన్నాక క్లాసుకు పోనని మాత్రం ఒట్టు పెట్టను. వెనక బెంచీ పిల్లలకు ఆ వెసులుబాటు లేదు కదా.