ఇంట్లో ఉన్న బుట్టేమైంది?

మా బావగారు కృపారావుకి తన కొట్లో సరుకు అమ్ముడుపోతే గిట్టదు. బాపట్ల స్టేషన్లో టిక్కెట్లిచ్చే ఉద్యోగం చేసి రిటైరయ్యాక, సొంతూరు రేపల్లెలో బస్టాండు దగ్గర తాటాకు బుట్టల కొట్టు పెట్టారు. బిల్లులు రాయడానికి మరదలినని నన్ను కూర్చోబెట్టారు. బేరాలు చెడగొట్టే పని మాత్రం ఆయనే చూసుకునేవారు.

బుట్ట అడిగినవాళ్ళకి ధర చెప్పేవారు కాదు. "ఇంట్లో ఉన్న బుట్టేమైందమ్మా?" అని మొదలుపెట్టేవారు. పిడి తెగిందంటే తీసుకురమ్మని, కుట్టి, ఊరికే ఇచ్చి పంపేవారు. రంగు పాతబడిందని కొత్తది అడిగిన ఒక లెక్చరరమ్మకి, దానికి నప్పే చీర కొనుక్కోమని సలహా ఇచ్చారు. ఆవిడ నెల్లాళ్ళు మా వీధిన నడవలేదు.

ఆయనకి బుట్ట కొన్న ప్రతివాళ్ళ మొహమూ గుర్తే. ఒకసారి ఎవరో అక్క కొన్న బుట్ట గురించి, అదే పోలికలున్న ఆవిడ చెల్లెల్ని నిలదీశారు. తనది తెనాలి అనీ, ఈ కొట్టు గుమ్మం ఎక్కడం ఇదే మొదటిసారనీ ఆవిడ మొత్తుకుంది. అయితే వెళ్ళి అక్కని కనుక్కుని రమ్మన్నారు.

ఇంతలో ప్లాస్టిక్ మానేయడం ఊళ్ళో ఫ్యాషనైంది. బుట్ట చేత్తో పట్టుకుని ఫోటో దిగనివాళ్ళు లేరు. రైసు మిల్లు సీతారామాంజనేయులు గారు వాళ్ళమ్మాయి పెళ్ళిలో అందరికీ పంచడానికి వెయ్యి బుట్టలు కావాలని వచ్చారు. నేను పెన్ను మూత తీశాను. బావగారు బిల్లు పుస్తకం మూసేశారు.

"వెయ్యి నా వల్ల కాదండి. వందిస్తాను. అవీ రోజూ బజారుకెళ్ళేవాళ్ళకే ఇవ్వాలి."

"పెళ్ళికొచ్చినవాళ్ళని బజారుకెళ్తారా అని అడగమంటారా?"

"మీకు మొహమాటమైతే నేనొచ్చి గుమ్మంలో నిలబడి అడుగుతానండి."

మిల్లుగారు చేతులు జోడించి కారెక్కేశారు.

నాకు ఒళ్ళు మండింది. మర్నాడు కర్లపాలెం నుంచి రూబీ సరుకు తెచ్చింది. మాకు బుట్టలల్లి ఇచ్చే ఆడవాళ్ళకి ఆవిడే పెద్ద. బావగారు టీకి వెళ్ళింది చూసి, వెయ్యి బుట్టల బేరం పోగొట్టారని ఆవిడకి ఫిర్యాదు చేశాను. ఉసూరుమంటుందనుకుంటే నవ్వింది.

కొన్నేళ్ళ కిందట ఎవరో వ్యాపారి ఇలాగే వేలల్లో కావాలన్నాడట. వాళ్ళ వీధి వీధంతా పొలం పనులు మానుకుని అల్లింది. మోజు తగ్గగానే అతను మొహం చాటేశాడు. బుట్టలు వసారాల్లో బూజు పట్టాయి. పొలాల్లో కూలికి వేరేవాళ్ళు కుదిరిపోయారు. చేసేదిలేక అందరూ హైదరాబాదు పోదామని మూటలతో బాపట్ల స్టేషనుకొచ్చారు.

"టిక్కెట్ల కిటికీలోంచి కృపారావన్నయ్య, మళ్ళీ ఎప్పుడొస్తారమ్మా అనడిగాడు. ఇక రామని జరిగిందంతా చెప్పాను. కౌంటరు పక్కవాళ్ళకి అప్పజెప్పి బయటికొచ్చాడు. తనకి రిటైర్మెంటు దగ్గర పడిందనీ, కొట్టు పెడతాననీ, నెలనెలా కొన్ని తీసుకుంటాననీ అన్నాడు. కొందరం ఆగిపోయాం" అంది రూబీ.

బావగారు రాగానే ఈ సంగతి ముందే ఎందుకు చెప్పలేదని నిలదీశాను.

"మోజు పెళ్ళిభోజనం లాంటిదమ్మా. వీళ్ళకి కావలసింది రోజూ ఇంత అన్నం. బుట్ట అరిగేదాకా వాడినవాడు దాన్ని వదలలేడు. వాడు చచ్చినట్టు మళ్ళీ వస్తాడు" అన్నారు.

ఏడాది తిరిగేసరికి మోజు తీరింది. తెనాలిలో ఇలాంటి కొట్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మా కొట్టు ముందు మాత్రం జనం, అదీ చేతుల్లో పాత బుట్టలతో. మిల్లుగారి భార్య శేషారత్నంగారు కూడా అడుగు ఊడిన బుట్ట పట్టుకుని వరసలో నిలబడ్డారు. బావగారు దాన్ని తిప్పి తిప్పి చూసి, "బాగా వాడారండి" అన్నారు. పరీక్ష పాసైనట్టు ఆవిడ మొహం వెలిగిపోయింది, ఇక కుట్టడానికి వీల్లేదని కొత్తది అమ్మారు. అల్లినవి అల్లినట్టే చెల్లిపోతుంటే రూబీ ఇంకొంతమందిని పనిలో చేర్చుకుంది. హైదరాబాదు పోయినవాళ్ళు ఒక్కో కుటుంబమే తిరిగొచ్చారు.

మొన్న కోతల పండక్కి కర్లపాలెం చర్చిలో మా బావగారికి శాలువా కప్పారు. రెండు మాటలు చెప్పమన్నారు. ఆయన మాటలకి బదులు పాటందుకున్నారు. శ్రుతి ఒకవైపు, ఆయన ఒకవైపు. పాస్టరుగారు కళ్ళు గట్టిగా మూసుకున్నారు, అది ప్రార్థనో ఓర్పో నాకు తెలీదు. రూబీ వాళ్ళు మాత్రం చప్పట్లు కొట్టి రెండో చరణం కూడా పాడించుకున్నారు.