రాములమ్మ పత్తి చేను, నా కిరాయి పంపు

2006 ఆగస్టు. మణుగూరు నుంచి పినపాక వెళ్లే దారిలోని ఒక ఊళ్లో నాకు విత్తనాలు, పురుగుమందుల దుకాణం ఉండేది. మందు కొట్టే పంపులు కూడా కిరాయికి ఇచ్చేవాడిని. డిగ్రీలో వృక్షశాస్త్రం చదివాను కాబట్టి, ఆకు చూసి తెగులేమిటో చెప్పగలనని కాస్త గర్వం కూడా ఉండేది.

ఒక పొద్దున రాములమ్మ పత్తి కొమ్మ పట్టుకుని వచ్చింది. ఆమె, భర్త లక్ష్మయ్య రెండెకరాల్లో పత్తి వేసుకున్నారు. విత్తనాలు నా దగ్గరే కొన్నారు. వారం కిందట పచ్చదోమకు మందూ, పంపూ తీసుకెళ్లింది కూడా నా దుకాణం నుంచే.

"గిదేంది సారూ? పత్తికి బెండాకులు వస్తున్నయ్. ఇత్తనాలు నకిలీవని మా ఆయన అంటుండు."

పత్తి ఆకు అరచెయ్యంత వెడల్పుగా ఉండాలి. ఆ కొమ్మకున్న లేతాకులు వేళ్లలా సన్నగా చీలి ఉన్నాయి. కాడలు మెలితిరిగాయి. అదే విత్తనం ఆ ఏడు చాలామందికి అమ్మాను. లోపల భయం మొదలైంది. పైకి మాత్రం, "వైరస్ కావచ్చక్కా, చేను చూసి చెప్తా" అన్నాను.

చేనులో పత్తి ఒక్కటే కాదు, మధ్యన వేసిన కంది సాలు కూడా వంకర్లు తిరిగింది. గట్టు కింద తోటకూర మొక్కలూ అంతే. పక్కనే జొన్న నిటారుగా ఉంది, గడ్డి పచ్చగా ఉంది. ఏ వైరసూ ఇన్ని రకాల మొక్కల్ని ఒకే వారంలో పట్టుకోదు.

అప్పుడు కాలేజీ పాఠం గుర్తొచ్చింది. గింజలో రెండు బద్దలుండే పత్తి, కంది, తోటకూర లాంటివి డైకాట్లు. ఒకే బద్ద ఉండే వరి, జొన్న, గడ్డి మోనోకాట్లు. వరిని వదిలేసి డైకాట్లను మాత్రమే చంపే కలుపు మందు ఒకటుంది. దాన్ని 2,4-డి అంటారు. వరి పొలంలో వెడల్పాకు కలుపు మీద కొడతారు.

"మందు ఎటు నుంచి కొట్టుకొచ్చినవక్కా?"

"బావి కాడి నుంచి."

బావి వైపు మొక్కలు పూర్తిగా ముడుచుకుపోయాయి. దూరం పోయేకొద్దీ దెబ్బ తక్కువగా ఉంది. చివరి సాళ్లు దాదాపు బాగానే ఉన్నాయి. పంపు నింపిన ప్రతిసారీ విషం పలచబడిందన్నమాట. అంటే అది పంపులోనే ఉంది. రాములమ్మ తీసుకెళ్లడానికి ముందు రోజే ఒక వరి రైతు పొలంలో కలుపు మందు కొట్టి ఆ పంపు వాపసు తెచ్చాడు. దాన్ని కడిగింది నేనే. ఒక్కసారి, ఉత్త నీళ్లతో.

వైరసేనని తేల్చి చెప్పేస్తే నా తప్పు బయటపడేది కాదు. ఆ మాట అనలేదు, నిజమూ చెప్పలేదు. "రెండ్రోజులు ఆగక్కా" అని వచ్చేశాను.

మర్నాడు ఆమె మళ్లీ వచ్చింది. మిగిలిన పురుగుమందు సీసా బల్ల మీద పెట్టింది.

"ఇది మీ కాడనే ఉంచుకోండి సారూ. ఇంట్ల ఉంచబుద్ధైతలేదు. మా ఆయన నిన్నటి సంది మాట్లాడతలేడు. ఊకె చేను దిక్కే చూస్తుండు."

ఆమె భయం అర్థమైంది. దుకాణం మూసేసి ఆమెతోనే బయలుదేరాను.

లక్ష్మయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నిలబడే మొత్తం చెప్పేశాను. విత్తనం మంచిదే, పంపులో కలుపు మందు మిగిలింది, తప్పు నాది అన్నాను. అతను అడిగాడు: "చేను బతుకుతదా?"

"బావి దిక్కు బతకదు లక్ష్మన్నా. మిగతాది చిగురు పెట్టొచ్చు. దున్నకు, ఇరవై రోజులు చూద్దాం."

"నీకెప్పుడు ఎరుకైంది?"

"నిన్న."

"నిన్ననే చెప్పొద్దా?"



ఆ తర్వాత రోజూ వాళ్ల చేనుకు వెళ్లాను. ముగ్గురం కలిసి మెలితిరిగిన చిగుళ్లు తుంచాం, నీళ్లు పెట్టాం. కొత్తగా వచ్చిన ఆకు కూడా సన్నగానే కనిపించేది. చిగురు పెట్టొచ్చన్న మాట తొందరపడి అన్నానేమోనని గుబులుగా ఉండేది. చేలో దిగే ముందు లక్ష్మయ్య ఎక్కడున్నాడో చూసుకునేవాడిని. అతను కనిపిస్తే గాని పనిలోకి దిగేవాడిని కాదు.

మూడో వారంలో ఒకరోజు అతనే కేకేశాడు. "సారూ, గిటు రా! గిదేందో చూడు."

కొమ్మ చివర బొటనవేలి గోరంత ఆకు. చిన్నదే కానీ వెడల్పుగా, చక్కగా విచ్చుకుని ఉంది. రాములమ్మ దాన్ని ముట్టుకోకుండా వంగి చూసింది. "గిది పత్తాకే" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

బావి వైపు సాళ్లు పీకేశారు. మిగతా చేను ఆలస్యంగా పూసింది. రెండు సార్లు పత్తి ఏరారు.

ఆ తర్వాత కలుపు మందుకు వేరే పంపులు పెట్టాను. ఏ పంపు తిరిగొచ్చినా చాకలి సోడా కలిపిన నీళ్లు నింపి, ఒక రోజంతా ఉంచి కడిగేవాడిని. అవి పనిలో నేర్చుకున్న జాగ్రత్తలు. కానీ నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది వేరే ఉంది. చేనుకు ఏమైందో నాకు గంటలో తెలిసింది. చెప్పడానికి ఒక రోజు పట్టింది. ఆ ఒక్క రోజులో, మందు సీసా ఉన్న ఆ ఇంట్లో ఏమైనా జరిగి ఉండొచ్చు.