ఎడం విడవని గోడ

మా పక్కింటి పెద్దమ్మ మంగళవారం తెల్లారి పోయింది. ఆ మాట చెప్పడానికి ఆమె కోడలు మా వాకిట్లో నిలబడింది, పిలిచినా లోపలికి రాలేదు. వయసైంది, మంచాన పడకుండా పోయింది, పుణ్యాత్మురాలు అని వీధిలో అందరూ అన్నారు. నేనూ తలూపాను. కానీ వారం దాటినా నాకు ఏడుపు కన్నా కోపమే ఎక్కువగా ఉంది. అందుకే రాస్తున్నాను.

పెద్దమ్మ ఇంటి వెనక పెంకుల గదిలో రేష్మె పురుగులు, అంటే పట్టుపురుగులు మేపేది. గూళ్లు దిగినప్పుడల్లా మూట కట్టుకుని అమ్మడానికి బస్సులో శిడ్లఘట్ట మార్కెట్టుకు తనే పోయేది. కాళ్లు కడుక్కోకుండా ఆ గదిలోకి ఎవరినీ రానిచ్చేది కాదు. నేను పౌడరు పూసుకుని పోతే, ఆ వాసన పురుక్కి పడదని గుమ్మం దగ్గరే ఆపేసేది. పొద్దునా సాయంత్రం పడమటి కిటికీ తెరిచి, గాలి వస్తోందా లేదా అని చెంప ఆనించి చూసుకునేది. "పురుక్కి గాలి కావాల, మనిషికి ఎడం కావాల. అవి లేకుంటే రోగమే" అనేది.

ఆ కిటికీ పక్క ఖాళీ జాగాలో నాలుగంతస్తుల అద్దె ఇళ్లు లేవడం మొదలైంది. పాత ఇంటి పక్కన అంత ఎత్తు కట్టాలంటే మధ్యలో జాగా విడవాలని రూలుంది. ప్లానులో విడిచినట్టే గీశారు. నేల మీద మాత్రం గోడ ఆమె కిటికీకి జానెడు దూరంలో లేచింది. గాలి ఆగింది. సిమెంటు దుమ్ము పురుగులు మేపే తట్టల మీద పేరుకుంది. ఇంకో నాలుగు రోజుల్లో గూడు కట్టాల్సిన పురుగులు మెత్తబడి, నల్లబడి చచ్చాయి. గంపలకెత్తి గుంత తీసి పూడ్చింది. ఆ రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు.

మర్నాడే మున్సిపాలిటీ ఆఫీసుకు, అక్కడి భాష కన్నడంలో అర్జీ రాయించుకుని సంతకాలకు వీధంతా తిరిగింది. మా ఇంటికీ వచ్చింది. మా మిద్దె కూడా అవతలి పక్క ఎడం విడవకుండా కాంపౌండు మీదికే లేపాం. సంతకం పెడితే మనదీ కొలుస్తారని మా ఆయన నన్ను లోపలికి పిలిచి చెప్పాడు. రేపు పెడతాం పెద్దమ్మా అన్నాను. ఆమె ఒకసారి మా గోడ వైపు చూసింది. "సరేలేమ్మా" అని కాగితం మడుచుకుని పోయింది. ఆ రేపు రాలేదు. ఆఖరికి ఆ అర్జీ మీద ఉన్నది ఆమె సంతకం ఒక్కటే.

ఆ ఒక్క సంతకంతోనే ఆఫీసు మెట్లు ఎక్కింది, దిగింది. ఈ వయసులో నీకెందుకని కోడలు బతిమాలితే, "అడగనోళ్లకు నోరెందుకు" అందట. అది నాకు తగలాల్సిన మాట. చివరికి ఒకరోజు ఇంజనీరు వచ్చాడు. కట్టించే మనిషి ప్లాను పరిచి చూపించాడు. ఇంజనీరు కాగితం మీదే చూపు పెట్టి, అంతా సరిగ్గానే ఉందని చెప్పాడు. మేమంతా ఎవరి గుమ్మంలో వాళ్లం నిలబడి వింటున్నాం.

పెద్దమ్మ గొంతు పెంచలేదు. "కాగితంలో జాగా ఉండాదంటివి గదప్పా. ఒగసారి దాంట్లో నడిచి చూపించు" అంది.

అందరూ చూస్తుంటే అతనికి తప్పలేదు. పక్కకు తిరిగి ఒక భుజం దూర్చాడు. ఛాతీ పట్టలేదు. చొక్కాకంతా సిమెంటు అంటించుకుని వెనక్కి వచ్చాడు. ఎవరూ నవ్వలేదు. పని ఆపమని నోటీసు రాసి పోయాడు.

నెల తిరక్కుండా ఆఫీసోళ్లు కట్టినోళ్ల చేత దండుగ కట్టించుకుని, కట్టింది కట్టినట్టే సక్రమం అనేశారు. రూలు రాసినోళ్లూ వాళ్లే, దాన్ని అమ్ముకున్నోళ్లూ వాళ్లే. పెద్దమ్మ మళ్లీ పురుగు మేపలేదు. తట్టలన్నీ పాత సామాన్లోడికి ఇచ్చేసింది. నన్ను మాత్రం ఒక్క మాటా అనలేదు. పెరట్లో గోంగూర కోసినప్పుడల్లా మా పిట్టగోడ మీద ఒక కట్ట పెట్టి పోయేది. తిట్టి ఉంటే బాగుండేది.

సాగనంపి వచ్చాక ఆ వెనక గదిలోకి పోయాను. కొత్త కట్టడానికి వీధి వైపు నీలం రంగు వేశారు, బాల్కనీలకు మెరిసే స్టీలు కమ్మీలు పెట్టారు. ఈ పక్క గోడకు పూత కూడా లేదు. పూయాలంటే మేస్త్రీ నిలబడడానికి చోటేదీ? కిటికీ రెక్క తోశాను. సగం తెరుచుకుని ఆగిపోయింది. ఎదురుగా ఉత్త ఇటుకలు, వాటి సందుల్లోంచి కారి అట్లే గట్టిపడిన సిమెంటు.