మరియమ్మ పేరుతో

మా ముత్తాత చిన్నపరెడ్డి పదకొండు ఊళ్ళకు పెద్దరెడ్డి. తాత ఓబుళరెడ్డి తీర్పు చెబితే మారుమాట ఉండేది కాదు. ఈ ఉదయం బీరువాలో మా ఇంటి పాత తాళంచెవుల గుత్తి చేతికి తగిలి గలగలమంది. గుర్తుకొచ్చింది మాత్రం వాళ్ళు కాదు, సువార్తమ్మ.

రెండు వేల సంవత్సరం దాటాక, వరసగా వానలు మొహం చాటేసిన రోజుల్లో, ముదిగుబ్బ వైపు ఒక ఆసుపత్రి కంప్యూటర్ గదిలో పనికి కుదిరాను. సువార్తమ్మ నా పైఅధికారి. ఆమె తల్లి మరియమ్మ మా చేలల్లో శెనక్కాయ పీకి, మా గడప బయటే నిలబడి కూలి తీసుకున్న మనిషి. సువార్తమ్మను ఏమని పిలవాలో తోచక నేను ఏమనీ పిలిచేవాణ్ణి కాదు. ఆసుపత్రిలో ఎవరు ఏ రోగి వివరాలు చూడవచ్చో తేల్చే సాఫ్ట్‌వేర్ మా చేతిలో ఉండేది.

గొర్రెలు కాసే ఒకామె, ఇంట్లో తెలిస్తే వెళ్ళగొట్టే జబ్బుకు మా దగ్గర మందులు తీసుకునేది. ఆమె మరిది మా చీటీల కౌంటర్లోనే గుమాస్తా. అతనికి తెలియనివ్వనని సువార్తమ్మ ఆమెకు మాట ఇచ్చింది.

ఒక ఆదివారం ఆ సాఫ్ట్‌వేర్‌ను నేనే అప్‌గ్రేడ్ చేశాను. నా పేరుతో లోపలికి వెళ్ళి చూస్తే అన్నీ తెరుచుకున్నాయి. పని బాగా జరిగిందని చెప్పాను.

సువార్తమ్మ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. "నీ పేరుతో తెరుచుకుంటే ఏం గొప్పప్పా? నీకు యాడన్నా తలుపు మూసినారా?" అంటూ 'మరియమ్మ' అని కీబోర్డు మీద కొట్టింది. ఏ హక్కూ ఇవ్వకుండా, పరీక్ష కోసమే ఆమె పెట్టుకున్న పేరు అది. పాత సాఫ్ట్‌వేర్‌లో అనుమతి ఇవ్వనిదంతా మూసి ఉండేది. కొత్తదానిలో, మనం మూయనిదంతా తెరిచి ఉంది. గొర్రెలామె జబ్బు పేరుతో సహా తెర మీదికి వచ్చింది. మర్నాడు ఎనిమిదికి మరిది వచ్చి కౌంటర్లో ఇదే తెర ముందు కూర్చుంటాడు.

ఆమె తిట్టలేదు. ఎవరికి ఏది మూసి ఉండాలో చేత్తో రాసుకున్న నోటుబుక్కు తీసి నా ముందు పెట్టింది. నేను చదువుతుంటే ఆమె ఒక్కొక్కటే మూసింది. మూసిన ప్రతిసారీ తల్లి పేరుతో వెళ్ళి తట్టి చూసింది. పొద్దు వాలేసరికి అన్నిచోట్లా 'అనుమతి లేదు' అని వచ్చింది.

"మా అమ్మకు ఇది అలవాటేలే," అని నవ్వింది. "మీ ఇంటికాడ గూడా ఇంతే గదా."

'అనుమతి లేదు' అన్న ఏ మాట విని తల్లి మా గడప నుంచి వెనక్కి తిరిగిందో, ఆ మాటనే తనకు ఏమీ కాని ఆడమనిషికి కాపుగా నిలబెట్టింది ఈమె. అంతటి మనిషిని మా వంశంలో నేను చూడలేదు.

"ఇంకొకసారి మొదటినుంచి చూద్దాం, అక్కా," అన్నాను.

ఆమె తలెత్తలేదు. "చదువు," అంది.

సోమవారం మరిది ఎప్పటిలాగే చీటీలు రాశాడు. గొర్రెలామె మందులు తీసుకుని ఇంటికి వెళ్ళింది.

ఇప్పటికీ ఏ అప్‌గ్రేడ్ అయినా ముందు మరియమ్మ పేరుతోనే తట్టి చూస్తాను. గుత్తిని మళ్ళీ బీరువాలో పెట్టాను. అందులో ఒక్క చెవికీ ఇప్పుడు తాళం లేదు. మా ఇంటి పద్నాలుగు తలుపులూ గడపలతో సహా ధర్మవరం కలప వ్యాపారికి అమ్మేశాము.